పార్కింగులో మంచం

శేషారత్నం టీచరుగారికి ఒక అలవాటుంది. ఎవరైనా గట్టి ప్రశ్న అడిగితే ఆవిడ జవాబు చెప్పరు. లేచి చెప్పులు వేసుకుంటారు. అడిగినవాళ్లు వెంట నడవాలి. నడిచిన దారిలో ఏదో ఒకటి జరుగుతుంది. జరగకపోతే ఆ ప్రశ్నకి ఇంకా వేళ కాలేదని అర్థం. హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. కాకినాడ రామారావుపేటలో ఆవిడ వరండా ఖాళీగా ఉండగా ఎవరూ చూడలేదు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. మగవాళ్లూ వస్తారు. అయితే వాళ్లు ప్రశ్న అడగడానికి కాక జవాబు చెప్పడానికి వస్తారు కనక, ఆ రోజు చెప్పుల అవసరం రాదు.

ఆదివారం మధ్యాహ్నం హైమావతి వచ్చింది. ఒకప్పుడు ఆవిడ క్లాసులో ముందు బెంచీలో కూర్చున్న పిల్ల. ఇప్పుడు నలభై దాటింది, ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం, పేరున మూడు ఫ్లాట్లు. మూడూ అద్దెకిచ్చింది. ఆ మాట విన్నవాళ్లు "నీకేం తల్లీ" అంటారు. కళ్ల కింద నలుపు చూసినవాళ్లు అనరు.

"టీచరుగారూ, నాలుగోది కొననా?" అంది కూర్చోకుండానే.

"దేనికి?"

"మూడే ఉంటే, ఒకటి ఖాళీ అయిన నెల మిగతా రెండిటి అద్దె బ్యాంకు వాయిదాలు మొయ్యలేదండీ. నాలుగుంటే మోస్తుందని బ్రోకరు సూరిబాబు లెక్క చూపించాడు. రెండున్నప్పుడు మూడోది కొంటే భయం పోతుందన్నాడు. పోలేదు. నాలుగోదానికి ఇవాళ సాయంత్రంలోగా టోకెన్ కట్టమంటున్నాడు. కడితే ఈ భయం పోతుందా, ఇంకా పెరుగుతుందా? అదొక్కటి చెప్పండి. నాకు నిద్ర పట్టి ఎన్నాళ్లయిందో."

హైమావతికి ఇళ్ల పిచ్చి ఊరికే పట్టలేదు. మన మొగుళ్లలో చాలామందికి రెండు వాక్యాలు కంఠతా వచ్చు. ఒకటి "అన్నం పెట్టు". రెండోది "నా ఇంట్లోంచి బయటికి పో". రెండో వాక్యాన్ని వినీ వినీ, ఒకరోజు దాన్ని నిజంగానే పాటించి, కూతుర్ని చంకనేసుకుని ఈ వరండాలోకే వచ్చింది. ఆ రోజు టీచరుగారు చెప్పులు వేసుకోలేదు. అన్నం పెట్టి, "నీ పేరున ఒక తలుపు చూసుకో" అన్నారు. హైమ చూసుకుంది. చీటీలు వేసి, గాజులు అమ్మి, ఆఫీసులో లోను పెట్టి మొదటి ఫ్లాటు కొంది. వాయిదాలు కట్టాలి కనక దాన్ని అద్దెకిచ్చింది. ఆ అద్దె ధైర్యంతో రెండోది కొంది. రెండోదాని వాయిదాల భయంతో మూడోది కొంది. ఇలా ధైర్యం కొంత, భయం కొంత కలిసి ఆవిడ ఆస్తి పెరిగింది. టీచరుగారు ఒక తలుపే అన్న సంగతి మధ్యలో ఎక్కడో జారిపోయింది.

"అది రోజూ ఉండే భయం," అన్నారు టీచరుగారు. "ఇవాళ్టి భయం ఏమిటి?"

హైమ అప్పుడు కూర్చుంది. సర్పవరం ఫ్లాటులో ఉండేది సత్యవేణి అనే అమ్మాయి. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. భర్త లారీ డ్రైవరు, నెలలో చాలా రోజులు రోడ్డు మీదే. సత్యవేణి తల్లి అప్పాయమ్మ వాళ్లతోనే ఉంటోంది. ఆమెకిప్పుడు ఆఖరి రోజులు. ఆసుపత్రివాళ్లు చేతులెత్తేశారు. పొద్దున్నే అపార్ట్‌మెంటు ప్రెసిడెంటు ఫోన్ చేసి, రేపట్నుంచి ధనిష్ఠా పంచకం, ఆ రోజుల్లో ఫ్లాటులో ప్రాణం పోతే నెలల తరబడి మూసిపెట్టాలి, ముందే ఏదో ఒకటి చూసుకోండి మేడం అన్నాడు.

"నాకలాంటి నమ్మకాలు లేవండీ," అంది హైమ. "కానీ రేపు నా ఫ్లాటు చూడ్డానికి వచ్చేవాళ్లకి ఉంటాయి కదా. మూసి పెడితే ఆ నెలల వాయిదాలు ఎవరు కడతారు?"

మన మూఢనమ్మకాలన్నీ ఇలాగే అద్దెకుంటాయి. సొంతమని ఎవరూ ఒప్పుకోరు.

"ఏం చెయ్యబోతున్నావు?"

"ఏముందండీ, మర్యాదగానే చెప్తాను. బయటికి పొమ్మనను. ఆసుపత్రిలో చేర్పించమంటాను. వాళ్ల మంచికే కదా."

"ఆసుపత్రివాళ్లు ఏం చెప్పి పంపారన్నావు?"

"ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారట."

టీచరుగారు లేచి చెప్పులు వేసుకున్నారు.

ఆటోలో హైమ తను చెప్పబోయే మాటలు పెదాలతో వల్లించుకుంటూనే ఉంది. మొదట ఆరోగ్యం అడగాలి. తర్వాత ఏసీ గది గురించి, నర్సుల గురించి చెప్పాలి. చివర్లో, వద్దన్నా, కొంత డబ్బు చేతిలో పెట్టాలి. భానుగుడి జంక్షన్ దాటేసరికి ఆ మాటలు ఎంత మెత్తబడ్డాయంటే, వినేవాళ్లు వాటిని దీవెన అనుకునేలా తయారయ్యాయి. మధ్యలో సూరిబాబు దగ్గర్నుంచి ఫోనొచ్చింది. వేరే పార్టీ కూడా అడుగుతోంది మేడం, ఐదింటిదాకానే ఆపగలను అన్నాడు. టీచరుగారు రోడ్డు పక్కన కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్లు చూస్తున్నారు.

హైమ ఆ మాటలు వాడాల్సిన అవసరమే రాలేదు.

గేటు దాటగానే కింద పార్కింగ్. స్తంభాల మీద ఫ్లాట్ల నంబర్లు, నేల మీద తెల్లరంగు గడులు. హైమ ఫ్లాటు నంబరున్న గడిలో, ఒక స్కూటరుకీ ఒక బుల్లెట్టుకీ మధ్య, మడతమంచం వేసి ఉంది. స్తంభం నుంచి నీళ్ల పైపుదాకా పాత చీర ఒకటి తెరలా కట్టారు. వాచ్‌మన్ గదిలోంచి లాగిన వైరుకి టేబుల్ ఫ్యాను తిరుగుతోంది. మంచం మీద అప్పాయమ్మ, పక్కన నేల మీద సత్యవేణి. వీళ్లని చూసి సత్యవేణి గబుక్కున లేచింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

"మీరు దేనికొచ్చారో నాకు తెలుసండి మేడంగారూ," అంది. "మీ చేత చెప్పించుకోవడం ఎందుకని పిల్లల్ని ఆడపడుచు ఇంటికి పంపి పొద్దున్నే దింపేశానండి. పార్కింగ్ ఇంటి లెక్కలోకి రాదంట కదండి. ప్రెసిడెంటుగారిని కూడా అడిగాను. మన గడిలోనే వేశాను చూడండి. పక్కవాళ్ల గడిలోకి మంచం కోడు కూడా పోనివ్వలేదు."

హైమ గుండెల మీంచి బరువు దిగింది. పొద్దున్నుంచి ఇరుక్కుపోయిన ఊపిరి ఒక్కసారి సాఫీగా వచ్చింది. ఆ హాయి ముఖం మీద కనిపించకుండా చూసుకోవాలనుకుంది గానీ అది అప్పటికే అక్కడికి చేరిపోయింది. టీచరుగారు చూశారు. మంచం మీద మనిషి కూడా చూసింది.

"ఇంటిగలావిడా?" అంది అప్పాయమ్మ. గొంతులో ఈల వేస్తున్నట్టుంది. "చూడమ్మా, నన్ను తెచ్చి బళ్ల మధ్యలో పెట్టారు. చక్రాలొక్కటే తక్కువ నాకు."

"ఊరుకోమ్మా," అని సత్యవేణి హైమ వైపు తిరిగింది. "ఏమనుకోకండి. నోరు మాత్రం తగ్గలేదండి ఈవిడకి. మా నాన్న పోయినప్పుడు అప్పుడున్న ఇంటివాళ్లు గేటు తియ్యలేదండి. ఒకటే వాన. కిళ్లీబడ్డీ పరదా కింద నాన్నని పెట్టుకుని కూర్చున్నాం, నేనూ అమ్మా. అప్పుడే అనుకున్నాను, అమ్మ విషయంలో ఎవరి చేతా అనిపించుకోకూడదని. మనంతట మనమే దిగిపోతే ఇంకొకళ్లు దించేదేముందండి?"

టీచరుగారు బోర్లించిన బకెట్టు మీద కూర్చుని అప్పాయమ్మ చెయ్యి పట్టుకున్నారు. అంతలో లిఫ్టులోంచి ఒకాయన దిగి కారెక్కి, వెనక్కి తియ్యబోయి, అద్దం దించాడు. "ఆంటీ, ఆ చీర కొంచెం పక్కకి తీస్తారా? వెనక ఏమీ కనపడట్లేదు" అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు. సత్యవేణి చీర ముడి విప్పింది. తెర పోయేసరికి వీధిలో పోయేవాళ్లకి కూడా మంచం కనిపించింది. పొగ వదిలి కారు వెళ్లిపోయింది. ఆ పొగకి అప్పాయమ్మకి వచ్చిన దగ్గు చాలాసేపు ఆగలేదు. హైమ అటూ ఇటూ చూసింది. ఎవరినో కోప్పడాలనిపించింది గానీ, ఎవర్నని తోచలేదు. ఆయన ఏ తప్పూ చెయ్యలేదు. సత్యవేణీ చెయ్యలేదు. అందరూ నిబంధనల ప్రకారమే నడుచుకుంటున్నారు.

దగ్గు ఆగాక అప్పాయమ్మ హైమ వైపు చూసింది. "నువ్వుండేది ఎక్కడమ్మా?"

"జగన్నాథపురం అండి."

"అక్కడా సొంత ఇల్లుందా? ఇంకో రెండున్నాయంది మా అమ్మాయి."

"అవి వేరేచోటండి. అద్దెకిచ్చాను."

"మరి జగన్నాథపురంలోది?"

"అది నేను అద్దెకుంటున్నది."

అది నిజమే. కొత్త ఫ్లాట్లకి వచ్చే అద్దె ఎక్కువ, పాత పేటలో మేడ మీద రెండు గదుల పోర్షనుకి ఇచ్చే అద్దె తక్కువ. మధ్యలో మిగిలేది వాయిదాలకి పోతుంది. తెలివైన పద్ధతి అని సూరిబాబు పదిమందికి ఆవిడనే చూపించి చెప్తుంటాడు. అప్పాయమ్మకి మాత్రం నవ్వొచ్చింది. ఆ నవ్వు మళ్లీ దగ్గులోకి దిగింది.

"మూడిళ్లుండి అద్దెకా తల్లీ! మేం ఒక్కటీ లేక అద్దెకున్నాం." కాస్త ఊపిరి కూడదీసుకుంది. "మీ ఇంటిగలావిడ మంచిదేనా?"

"మంచిదేనండి."

"నీకేదన్నా అయితే లోపల ఉండనిస్తుందా?"

హైమకి ఆ మంచి ఇంటిగలావిడ మొదటిరోజు అడిగిన మాట గుర్తొచ్చింది. "అమ్మాయి హాస్టల్లో ఉంటే మీరొక్కరే ఉంటారు కదా, బీపీ, షుగరు లాంటివేం లేవు కదా?" అందావిడ. హైమ అప్పుడు నవ్వేసింది. అంతేకాదు, ఆ ప్రశ్న పనికొచ్చేదిగా తోచి, తన ఫ్లాట్లు చూడ్డానికి వచ్చినవాళ్లని కూడా అడగడం మొదలుపెట్టింది. సత్యవేణినీ అడిగింది. సత్యవేణి అప్పుడు తల్లికి ఉన్న జబ్బు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో హైమకి ఈ పార్కింగులో అర్థమైంది.

"మరి నీకెక్కడ వేస్తారమ్మా మంచం?" అంది అప్పాయమ్మ.

అందులో వెటకారం లేదు. రైల్లో పక్క సీటు మనిషిని ఏ స్టేషన్లో దిగుతావని అడిగినట్టు అడిగింది. హైమకి మాత్రం మూడు ఫ్లాట్ల తాలూకు మూడు పార్కింగ్ గడులూ వరసగా కళ్ల ముందుకొచ్చాయి. ఒకదాని పక్కన జనరేటరు ఉంది. ఒకదానిలో వానాకాలం నీళ్లు నిలుస్తాయి. మూడోదే కొంచెం నయం. కానీ దాన్ని కొనేటప్పుడు కారున్నవాళ్లకి బాగుంటుందని తీసుకుంది. ఏది నయమా అని తను నిజంగానే ఆలోచిస్తున్నట్టు గ్రహించి ఉలిక్కిపడింది.

సంచిలో ఫోను మోగింది. సూరిబాబు.

"మాట్లాడు," అన్నారు టీచరుగారు. "నీ ప్రశ్నకి జవాబు లెక్కతో సహా అతని దగ్గరుందిగా."

హైమ ఫోను తియ్యలేదు. సత్యవేణితో, "పైకి తీసుకెళ్దాం పద" అంది.

సత్యవేణి ముఖం తెల్లబోయింది. "వద్దండి మేడంగారూ. రేపట్నుంచి పంచకాలండి. లోపల ఏదన్నా జరిగితే ఖాళీ చెయ్యమంటారు. ఈయన ఊళ్లో లేరు, మిషనేసుకుని నేనెక్కడికి పోయేదండి? అమ్మ ఎటూ ఉండదు. నేనూ పిల్లలూ ఉండాలి కదండి."

"ఎవరు ఖాళీ చెయ్యమంటారు?"

సత్యవేణి చెప్పాలా వద్దా అని చూసింది. తర్వాత మెల్లిగా అంది. "మీరేనండి."

ఒకప్పుడు తనకి "బయటికి పో" అన్న వాక్యం చెప్పిన మనిషి గొంతు హైమకి బాగా గుర్తుంది. ఇప్పుడు ఇంకో ఆడమనిషి, ఆ వాక్యం తన నోట్లోంచి వస్తుందని పొద్దున్నుంచి ఎదురుచూస్తోంది. దానికోసం సామాను సర్దుకున్నట్టు తల్లిని సర్దుకుంది.

"నేననను," అంది చివరికి.

"ఇప్పుడలాగే అంటారండి," అంది సత్యవేణి. అందులో నిష్ఠూరం లేదు. అనుభవం ఉంది.

హైమ వాచ్‌మన్ గది దగ్గరున్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చింది. అప్పాయమ్మని లేపి అందులో కూర్చోబెట్టారు. వెనకపక్క సత్యవేణి, ఒక చేతికింద టీచరుగారు, ఇంకో చేతికింద హైమ. ఎత్తేసరికి, ఇంత తేలికైన మనిషి గురించా పొద్దున్నుంచి ఇంత బరువు మోశాను అనిపించింది. లిఫ్టు దగ్గర ప్రెసిడెంటు ఎదురొచ్చాడు.

"ఇదేంటి మేడం! మీరొచ్చి సర్దుతారని ఫోన్ చేస్తే, మీరే పైకి మోస్తున్నారా? మీ మేలు కోరి చెప్తున్నాను. రేపు ఏదన్నా జరిగితే ఆ ఫ్లాటులో ఎవరుంటారు?"

"ఎవరూ లేకపోతే నేనుంటాను," అంది హైమ.

ఆ మాట అన్నది తనే అయినా, మొదటిసారి వింటున్నదానిలా నిలబడిపోయింది. మూడు ఇళ్ల యజమానురాలికి అప్పటిదాకా ఆ ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. ప్రెసిడెంటు పక్కకి తప్పుకున్నాడు. ఒప్పుకుని కాదు, లిఫ్టు తలుపు మూసుకుంటోంది కనక.

హైమ ఆ ఫ్లాటులో ఎప్పుడూ కూర్చోలేదు. కాగితం మీద గీతగా ఉన్నప్పుడు కొంది, రంగు ఆరకముందే తాళాలు ఇచ్చేసింది. తర్వాత వచ్చినప్పుడల్లా గుమ్మంలో నిలబడే మాట్లాడింది. ఇప్పుడు లోపలికొచ్చి చూస్తే ఏదో లోటు కనిపించింది. ఏమిటో కాసేపటికి గాని తెలియలేదు. గోడల మీద ఏమీ లేదు. గడియారం ఫ్రిజ్ మీద పడుకుని ఉంది. క్యాలెండరు కిటికీ చువ్వకి దారంతో కట్టి ఉంది. దండ వేసిన సత్యవేణి తండ్రి ఫొటో నేల మీద, గోడకి ఆనించి ఉంది. మేకులు కొట్టకూడదని ఇల్లిచ్చేటప్పుడు హైమే గట్టిగా చెప్పింది. జగన్నాథపురంలో తన గడియారం కూడా ఫ్రిజ్ మీదే ఉంటుంది.

అప్పాయమ్మని కిటికీ పక్కనున్న మంచం మీద పడుకోబెట్టారు. ఆవిడ గది చుట్టూ చూసి, ఊరెళ్లి వచ్చినదానిలా "టీ పెట్టవే" అంది కూతురితో. సత్యవేణి వంటింట్లోకి వెళ్లింది. ఏడుస్తోందేమో, కుళాయి మాత్రం చాలాసేపు తిప్పి ఉంచింది. హైమ నేల మీద, ఆ ఫొటో పక్కనే, గోడకి వీపు ఆనించి కూర్చుంది. రేపటి గురించి ఆలోచించింది. పంచకం, వాయిదా, ఇంకెవరూ రాని ఫ్లాటు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్కటీ తగ్గలేదు. అప్పాయమ్మ ఊపిరి ఈల వేస్తూ, ఆగుతూ, మళ్లీ ఈల వేస్తోంది. ఆగినప్పుడల్లా హైమ కూడా ఊపిరి బిగపడుతోంది.

టీ గ్లాసులతో సత్యవేణి వచ్చేసరికి గదిలో రెండు ఊపిర్లు వినిపిస్తున్నాయి. ఒకటి మంచం మీంచి, ఒకటి గోడ దగ్గర్నుంచి. హైమ తల పక్కకి వాలిపోయి ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. చేతిలోంచి జారిన ఫోను గచ్చు మీద బుర్రుబుర్రుమంటూ తిరుగుతోంది. ఐదు కావస్తోంది.

"ఫోనొస్తోందండి," అంది సత్యవేణి కంగారుగా. "మేడంగారిని లేపనా?"

టీచరుగారు ఫోను తీసి దిండు కింద పెట్టారు.

"పడుకోనివ్వమ్మా. ఇంటిగలావిడ ఇవాళే ఇంటికొచ్చింది."